తంగేడు: తోళ్ల లంద నుంచి రాష్ట్ర పుష్పం దాకా

2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఈ చెట్టు మన ఊళ్లకు, గూడేలకు అన్నం పెట్టింది. బతుకమ్మ పువ్వుగా దాన్ని అందరూ ఎరుగుదురు. దాని వెనక ఉన్న కష్టజీవుల చరిత్రను మాత్రం ఎక్కువమంది ఎరుగరు. మా హాస్టల్ పిల్లలకు చెప్పిన ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాం.

తంగేడు చెక్క తోళ్లను పదును చేసే సరుకు. పచ్చి తోలును లందలో తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, కుళ్లకుండా గట్టిపరిచేవారు. రైతుకు మోట బొక్కెన, ఎడ్లకు పట్టెడ, కాలికి చెప్పు ఆ లందలోంచే వచ్చాయి. ఈ పనిని మాదిగ కుటుంబాలు తరతరాలుగా చేశాయి. చెక్కతో పదునైన తోలుకు చివరగా కరక్కాయ నీళ్లు పట్టేవారు. ఆ కరక్కాయను అడవిలో ఏరి తెచ్చింది మన గిరిజనులు. అంటే ఒక్క తోలు ముక్కలో ఊరి చేతి పని, అడవి చేతి పని రెండూ కలిసి ఉన్నాయి.

ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు రాష్ట్రంలో ఇలా పదును చేసిన తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు దాకా పోయాయి. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయింది. క్రోమ్ రసాయనాలతో పదును చేసే పద్ధతి కూడా వచ్చింది. దాంతో తంగేడు చెక్కకు గిరాకీ తగ్గిపోయింది.

శాస్త్రవేత్తలూ ఈ చెట్టును ఎప్పుడో గుర్తించారు. 1753లో లినేయస్ దీనికి ‘ఆరిక్యులేటా’ అని పేరు పెట్టాడు. చిన్న చెవుల వంటివి కలది అని దాని అర్థం. ఆకు కాడ మొదట్లో చూడండి, చెవుల్లాంటి రెండు రేకులు కనిపిస్తాయి. మా పిల్లలు తంగేడును గుర్తుపట్టేది ఆ చెవులతోనే.

ఇప్పుడు మా బాధ ఒకటుంది. ఒకప్పుడు హాస్టల్ గోడ దాటితే తంగేడు ఉండేది. రోడ్లు వెడల్పయ్యాయి, బీళ్లు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు ఎంగిలిపూల నాటికి పిల్లలు చాలా దూరం నడవాలి. కొందరు బజారులో కొంటున్నారు. పైగా పండుగకు కొమ్మకు కొమ్మ విరిచేస్తే ఆ చెట్టుకు కాయ ఉండదు, విత్తనమూ మిగలదు. రాష్ట్ర పుష్పమని పేరు పెట్టినంత మాత్రాన చెట్టు బతకదు.

అందుకే మేము పెరట్లోనే పెంచుతున్నాం. పెద్ద కష్టమేమీ కాదు. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయల్లోంచి విత్తనాలు తీయాలి. వాటి పైపొర గట్టిది కనుక పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్లు పోసి ఒక రాత్రి నాననివ్వాలి. తొలకరికి ఇసుక కలిపిన మట్టి సంచుల్లో పెట్టి, మొక్క కాస్త ఎదిగాక ఎండ బాగా తగిలే చోట నాటాలి. ఎర్రనేల, రాళ్లనేల ఏదైనా ఫర్వాలేదు కానీ నీరు నిలవకూడదు. మొదటి ఏడు వేసవిలో నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అదే బతుకుతుంది. పశువులు అంతగా ముట్టవు కనుక కంచెకూ పనికొస్తుంది. వేసవి చివర కొమ్మలు కత్తిరిస్తే వానలకు కొత్త చిగుళ్లు వస్తాయి. పూలు ఆ చిగుళ్ల చివరనే పూస్తాయి. ఆకుల మీద గొంగళ్లు కనిపిస్తే మందు కొట్టకండి, అవి రేపటి సీతాకోకచిలుకలు.

మన సంఘం పెద్దలకు, తోటి వార్డెన్లకు మా మనవి ఒక్కటే. ప్రతి హాస్టల్, ప్రతి ఆశ్రమ పాఠశాల కంచె వెంబడి ఈ వానాకాలం తంగేడు విత్తనం వేయండి. పూలు కోసేటప్పుడు ప్రతి చెట్టుకూ కొన్ని కొమ్మలు కాయకు వదలండి. లందకు చెక్కనిచ్చి, బతుకమ్మకు పువ్వునిచ్చిన చెట్టుకు మనం ఇవ్వవలసింది కాస్తంత నేల.