మారిషస్‌లో బీచ్ అయిపోయాక: కొన్ని మెట్లు, ఒక నంబరు

ఫోన్‌లో మారిషస్ అని కొడితే ఏమొస్తుంది? నీలం నీళ్ళు, హనీమూన్ ప్యాకేజీలు, ఏడు రంగుల మట్టి, ఇంకా ఆ ఫేమస్ "సముద్రంలో జలపాతం". అది జలపాతం కాదండీ. నీళ్ళ అడుగున ఇసుక జారుతుంటే పైనుంచి చూసేవాళ్ళకి అలా అనిపిస్తుంది, అంతే. హెలికాప్టర్ ఎక్కితే బాగా కనిపిస్తుంది. నా జేబు చూసుకుని నేను ఎక్కలేదు.

కానీ ఆ ఫొటోల్లో పక్కనే ఒక పెద్ద రాతి కొండ ఉంటుంది, గమనించారా? దాని పేరు ల మోర్న్. చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద దాక్కునేవాళ్ళు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తే, మళ్ళీ పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొంతమంది పైనుంచి దూకేశారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. కొండ కింద బీచ్ దగ్గర స్మారక శిల్పాలు ఉన్నాయి. కైట్ సర్ఫింగ్‌కి వచ్చినవాళ్ళలో చాలామంది వాటిని దాటుకుంటూ వెళ్ళిపోతారు.

సరే, బానిసలు లేకపోతే చెరకు ఎవరు కొట్టాలి? ఇక్కడే మన కథ మొదలవుతుంది.

రాజధాని పోర్ట్ లూయిస్‌లో అందరూ షాపింగ్‌కి వాటర్‌ఫ్రంట్‌కి వెళ్తారు. అక్కడినుంచి కాస్త నడిస్తే ఆప్రవాసీ ఘాట్. పాత పేరు కూలీ ఘాట్. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. వాళ్ళు తెలుగువాళ్ళు కాదు. కానీ ఆ తర్వాత 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఈ దీవికి వచ్చారు, అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళు. మొదట్లో మగవాళ్ళకి జీతం నెలకి 5 రూపాయలు, పైన తిండి, బట్ట.

ఇప్పుడు మిగిలింది కొంచెమే. మధ్యలోంచి రోడ్డు కూడా వేసేశారు. ఒక గేటు, ఆసుపత్రి గదులు, వంటగది ఆనవాళ్ళు, కొన్ని రాతి మెట్లు. ఓడ దిగిన ప్రతి ఒక్కరూ ఎక్కాల్సిన మెట్లు. నేను అక్కడ పది నిమిషాలు చాలనుకున్నాను, రెండు గంటలు ఉండిపోయాను.

మనవాళ్ళలో కొంతమంది ఎక్కడ ఓడ ఎక్కారో తెలుసా? కాకినాడ పక్కన కోరంగి. అవును, ఇప్పుడు మనం మడ అడవుల్లో చెక్క వంతెన మీద రీల్స్ చేసుకునే కోరంగే. ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని దెబ్బ కొట్టేసింది. అయినా మారిషస్‌లో తెలుగువాళ్ళకి "కోరంగీలు" అనే పేరు ఉండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీ ఆయన ఇంటిపేరు అడిగాను. చివర "డూ" అని ఉంది. అది ఇంటిపేరు కాదంట, ఓడ దిగిన ముత్తాత సొంత పేరు. గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు, అదే అందరికీ ఇంటిపేరైపోయింది. నాయుడు "నాయిడూ" అయినట్టు. ఆయన మాట్లాడేది క్రియోల్. తెలుగు రాదు. కానీ ఇంట్లో దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారట, సింహాద్రి అప్పన్నకి మొక్కుతారట. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు!

తర్వాత ఫోన్ తీసి ఒక కాగితం ఫొటో చూపించాడు. ముత్తాత రికార్డు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, ఊరు. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆ పాత రిజిస్టర్లు అక్కడే భద్రపరిచారు. 1860ల నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఫొటోలు కూడా తీశారు. ఎంత నవ్వాడో ఆ కాగితం చూపిస్తూ.

నాకు మాత్రం కడుపులో ఏదో అయింది. మా నాయనమ్మ ఎప్పుడూ ఒక మాట చెప్పేది, వాళ్ళ తాత అన్న "ఓడెక్కి పోయాడు" అని. అంతే. రంగూనో, మారిషస్సో తెలీదు. పేరు కూడా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కూలీల్ని లెక్కపెట్టడానికి తెల్లవాళ్ళు వేసిన నంబరు ఆ టాక్సీ ఆయనకి ముత్తాతని తెచ్చిపెట్టింది. ఒడ్డునే ఉండిపోయిన మా ఇంట్లో ఏ కాగితమూ లేదు. మరుసటి రోజు మోకా వెళ్దామనుకుని ఆగిపోయాను. వెళ్ళి ఏ పేరు అడగాలి?

కాబట్టి మీరు టికెట్ బుక్ చేసే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక ఫోన్ చేయండి. "ఓడెక్కి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పేరేంటి, వాళ్ళ నాన్న పేరేంటి, ఏ ఊరు" అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మా నాయనమ్మని నేను అడగలేదు, ఆవిడ పోయి మూడేళ్ళయింది.