ఎడమచేతివాటం రైఫిల్: అమరికల చరిత్ర

రైఫిల్‌ను ఎడమ భుజానికి ఆనించి, ఎడమచేతి చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కేవారికి అనువుగా బోల్టు, సేఫ్టీ మీట, మ్యాగజైన్ మీట, ఖాళీ తూటా బయటపడే కిటికీ, చెంప ఆనే దిమ్మె వంటి భాగాలను అటుది ఇటు మార్చి తయారుచేసిన తుపాకీని ఎడమచేతివాటం రైఫిల్ అంటారు. రెండు చేతివాటాలవారికీ సమానంగా పనిచేసేలా ఇరుపక్కలా మీటలు పెట్టినది ఉభయహస్త రైఫిల్. జనాభాలో సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతివాటం. అయినా తుపాకీ పుట్టిన తర్వాత కొన్ని శతాబ్దాలపాటు దాని నిర్మాణం కుడిచేతివారి కోసమే సాగింది. తుపాకీకి మనిషి సర్దుకోవడం నుంచి మనిషికి తుపాకీ సర్దుకోవడం దాకా నడిచిన మార్పే ఈ అంశపు చరిత్ర.

సమస్య స్వరూపం

ఆదిలాబాద్ పత్తి చేలల్లో దుక్కి దున్నే రైతుకు ఎలపట ఎద్దు వేరు, దాపట ఎద్దు వేరు. ఒక పక్కకు అలవాటుపడిన ఎద్దును రెండో పక్కన కడితే సాలు చెదురుతుంది. రైఫిల్‌కూ అలాగే ఒక పక్క ఉంటుంది. మామూలు రైఫిల్‌లో బోల్టు పిడి, ఖాళీ తూటా కిటికీ కుడివైపున ఉంటాయి. చాలా సైనిక రైఫిళ్లలో సేఫ్టీ మీట ఎడమవైపున, కుడిచేతి బొటనవేలికి అందేలా ఉంటుంది. పుర్రచేతివాటం మనిషి అదే తుపాకీని ఎడమ భుజానికి ఎత్తితే మూడు ఇబ్బందులు వస్తాయి. బోల్టు లాగాలంటే తుపాకీని మోస్తున్న కుడిచేతిని వదలాలి, లేదా ఎడమచేతిని పైనుంచి అటు చాచాలి. సేఫ్టీ మీట బొటనవేలికి అందదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కాలే ఖాళీ తూటాలు, పొగ, వాయువు ముఖం ముందునుంచే బయటికి వస్తాయి. మొదటి రెండూ వేగాన్ని తగ్గిస్తాయి. మూడోది కంటికి సంబంధించిన భద్రత.

చెయ్యి ఒక్కటే కాదు, కన్ను కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. రెండు కళ్లలో ఒకదాని చూపును మెదడు ఎక్కువగా నమ్ముతుంది. గురి చూసే పనిలో దాన్నే ప్రధాన నేత్రం అంటారు. రెండు అరచేతులను ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువును చూడాలి. తర్వాత ఒక్కో కన్ను మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం. కుడిచేత్తో రాసేవారిలోనూ కొందరికి ఎడమ కన్ను ప్రధానంగా ఉంటుంది. అలాంటివారు ఎడమ భుజంతో గురి చూడటం నేర్చుకోవాలని శిక్షకులు సూచించడం కద్దు.

రంజకం తుపాకుల కాలం

వత్తితో, ఆ తర్వాత చెకుముకి రాయితో పేలే తుపాకుల్లో రంజకం (నిప్పంటించే మందు) పోసే చిన్న పళ్లెం గొట్టానికి కుడిపక్కన ఉండేది. తుపాకీ గుర్రం (సుత్తి) పడగానే అక్కడ నిప్పు భగ్గుమని ఎగసేది. కుడి భుజంతో కాల్చేవాడికి ఆ మంట అవతలి పక్కన ఉంటుంది. ఎడమ భుజంతో కాల్చేవాడికి అదే మంట ముఖానికి ఎదురవుతుంది. వరుసల్లో భుజం భుజం ఆనించి నిలబడే కాల్బలంలో ఒక్కడు వేరే పక్క తిరిగితే పక్కవాడికీ ప్రమాదమే. అందుకే సైన్యాలు అందరికీ కుడి భుజమే నేర్పాయి. ఎడమపక్క యంత్రం ఉన్న వేటతుపాకులు ఐరోపాలో ఉండేవి కానీ, అవి డబ్బున్నవారు కోరి చేయించుకున్నవి.

తెలుగునేలపై ఆయుధాల తయారీకి పేరుపడ్డ చోటు హైదరాబాద్‌లోని తోప్ కా సాంచా. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ దాన్ని నెలకొల్పాడు. ఈనాటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు అలా వచ్చింది. ఐరోపా పద్ధతి కవాతుతో పాటు ఐరోపా తుపాకీ పక్కవాటం కూడా దక్కన్ సైన్యంలోకి వచ్చింది. గొట్టం మూతినుంచి మందు దట్టించే నాటు తుపాకులు ఉమ్మడి ఆదిలాబాద్ అడవుల్లో చాలాకాలం వాడుకలో ఉన్నాయి. వాటిని బర్మార్ అని కూడా పిలుస్తారు. వాటిలోనూ గుర్రం సాధారణంగా కుడిపక్కనే ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వాటితో వేట నేరమైంది.

బోల్టు రైఫిళ్లు

పంతొమ్మిదో శతాబ్దం చివరికి బోల్టు రైఫిల్ ప్రపంచమంతటా పరుచుకుంది. బ్రిటిష్ ఇండియాలో లీ ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మన పోలీసులు నేటికీ త్రీ నాట్ త్రీ అని పిలిచేది దాన్నే. పది తూటాలు పట్టే ఈ రైఫిల్ బోల్టు పిడి కుడివైపు వెనక్కి, ట్రిగ్గర్ దగ్గరగా ఉంటుంది. కుడిచెయ్యి క్షణంలో బోల్టు లాగి మళ్లీ ట్రిగ్గర్ మీదికి వస్తుంది. దాని వేగానికి మూలం ఆ దగ్గరితనమే. ఎడమచేతివాడికి ఆ మేలు దక్కదు.

అమెరికాలో వేటగాళ్ల బజారు పెద్దది కావడంతో మార్పు అక్కడ ముందుగా కనిపించింది. లీవర్ రైఫిళ్లు ఏ చేతికైనా దాదాపు ఒకేలా పనిచేసేవి. 1937లో వచ్చిన ఇథాకా 37 షాట్‌గన్ ఖాళీ తూటాను కిందికి వదిలేది. దాంతో కుడి, ఎడమ తేడా పోయింది. 1950ల చివర్లో సావేజ్ కంపెనీ తన 110 రకం బోల్టు రైఫిల్‌ను ఎడమచేతి అమరికతో కర్మాగారంలోనే తయారుచేసి సాధారణ కొనుగోలుదారుకు అందించింది. పెద్ద కంపెనీలు ఆ బాట పట్టాయి.

స్వయంచాలిత రైఫిళ్లు

తూటా పేలిన ప్రతిసారీ ఖాళీ తొడుగును తనంతట తానే విసిరేసే రైఫిళ్లు వచ్చాక ఇబ్బంది పెరిగింది. భారత సైన్యం 1960ల నుంచి వాడిన ఇషాపూర్ ఎస్‌ఎల్‌ఆర్‌లో కాకింగ్ పిడి ఎడమపక్కన ఉంటుంది. కుడిచెయ్యి పట్టు వదలకుండా ఎడమచేత్తో లాగడానికి అలా పెట్టారు. ఎడమచేతివాడికి సరిగ్గా తిరగబడుతుంది. 1990లలో వచ్చిన ఇన్సాస్‌లోనూ కాకింగ్ పిడి, సేఫ్టీ మీట ఎడమపక్కనే, ఖాళీ తూటా కిటికీ కుడిపక్కన ఉంటాయి.

అమెరికన్ ఎం16 రైఫిల్‌కు 1980ల మొదట్లో వచ్చిన ఏ2 రూపంలో కిటికీ వెనుక ఒక చిన్న లోహపు దిమ్మె చేర్చారు. ఖాళీ తూటా దానికి తగిలి ముందుకు మళ్లుతుంది. ఎడమచేతివాడి ముఖం తప్పిపోతుంది. వేలెడంత ముక్క చేసిన మేలు అది.

మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనుక ఉండే బుల్‌పప్ రైఫిళ్లలో కిటికీ సరిగ్గా చెంప దగ్గరికి వస్తుంది. అందుకే ఈ రకంలో పరిష్కారం వెతకక తప్పలేదు. 1970ల చివర్లో ఆస్ట్రియా తీసుకున్న స్టెయర్ ఆగ్‌కు రెండు పక్కలా కిటికీలు పెట్టారు. ఎడమచేతి బోల్టు వేసి, మూతను రెండో పక్కకు మార్చితే సరిపోతుంది. ఫ్రాన్స్ ఫమాస్‌లో చెంపదిమ్మెను, తూటా లాగే కొక్కేన్ని పక్క మార్చుకోవచ్చు. భారత ప్రత్యేక దళాలు వాడే ఇజ్రాయెలీ టావోర్‌దీ బోల్టు మార్చే పద్ధతే. 2001లో బెల్జియం ఎఫ్2000 ఖాళీ తూటాలను గొట్టం పైనుంచి ముందుకే పంపింది. 1985లో బ్రిటన్ తెచ్చిన ఎస్‌ఏ80 మాత్రం కుడి భుజానికే పరిమితం. అక్కడి ఎడమచేతి సైనికులు కుడిపక్క నేర్చుకోక తప్పలేదు.

క్రీడా రంగం

ఎడమచేతివారికి పూర్తి న్యాయం దక్కింది క్రీడారంగంలోనే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, రైఫిల్ గరిష్ఠ బరువు 5.5 కిలోలు. అంత సూక్ష్మమైన గురిలో పట్టు కొంచెం అసౌకర్యంగా ఉన్నా పాయింట్లు జారిపోతాయి. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, అన్షుట్జ్ వంటి జర్మన్ కంపెనీలు ఎడమచేతి పట్టుపిడి, చెంపదిమ్మె, మీటలతో రైఫిళ్లు చేసిస్తాయి. రేంజి మీద కుడిచేతి షూటర్లంతా ఒకే దిక్కుకు తిరిగి నిలబడతారు. వారి కుడిపక్కన ఎడమచేతి షూటర్ వస్తే ఇద్దరూ ముఖాముఖిగా నిలవాల్సి వస్తుంది. అలవాటు లేనివారికి మొదట ఏకాగ్రత చెదురుతుంది.

చెయ్యి మార్చి గెలిచిన ఘనత పిస్తోలు పోటీల్లో హంగేరీకి చెందిన కారోయ్ టకాచ్‌ది. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతిన్నాక ఎడమచేత్తో సాధన చేసి, 1948, 1952 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు సాధించాడు.

తెలంగాణలో ఈ క్రీడకు కేంద్రం హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రేంజి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక రైఫిల్ షూటింగ్ వైపు చూసే తెలుగు పిల్లలు పెరిగారు.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో

జిల్లాలో రైఫిల్ శిక్షణ ప్రధానంగా పోలీసు పటాలాల్లోనే జరుగుతుంది. ఆదిలాబాద్ దగ్గర యాపల్‌గూడలో ప్రత్యేక పోలీసు రెండో పటాలం, మంచిర్యాల దగ్గర గుడిపేటలో పదమూడో పటాలం ఉన్నాయి. కవాతులో బాజూ శస్త్ర్ అనే ఆజ్ఞ వినగానే రైఫిల్ అందరికీ కుడిపక్కనే నిలవాలి. కవాతుకు ఆ ఏకరూపత అవసరం. గురి చూడటానికి కాదు.

ఈ ప్రాంతంలో సమస్య కొంత ముందే మొదలవుతుంది. బాసరలో అక్షరాభ్యాసం రోజు పసివాడి కుడిచెయ్యి పట్టి బియ్యంలో మొదటి అక్షరం దిద్దిస్తారు. అన్నం కలిపినా, దక్షిణ ఇచ్చినా కుడిచెయ్యే కావాలి. అలా పెరిగిన పిల్లవాడు కుడిచేత్తో రాస్తాడు, తింటాడు. బంతి విసరమంటే, రాయి గురిపెట్టమంటే ఎడమచెయ్యి లేస్తుంది. శిక్షణ మొదటిరోజున ఏ చేత్తో రాస్తావని అడిగితే అతని అసలు వాటం తెలియదు. ఏ భుజంతో గురి చూడాలో ప్రధాన నేత్రం పరీక్ష తెలుపుతుంది. ఆ పరీక్షకు తుపాకీ అక్కరలేదు, ఖర్చూ లేదు.

చట్టం, భద్రత

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీ, మరమ్మతు, మార్పు పనులకు లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేకుండా అమరికలను ఇంట్లో సొంతంగా మార్చడం నేరం, ప్రమాదకరం కూడా. ఎడమచేతి షూటర్ కుడిచేతి రైఫిల్ వాడాల్సి వచ్చినప్పుడు కంటి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. తనది ఎడమవాటమని రేంజి అధికారికి ముందే చెప్పి, తగిన వరుసలో చోటు తీసుకోవాలి. చిన్నప్పటి నుంచీ చెయ్యి దాచుకోవడం నేర్చినవారికి ఆ మాట పైకి చెప్పడమే కష్టం. అడగాల్సిన బాధ్యత శిక్షకుడిదే.