పుట్టగొడుగు, బోడ, ట్రఫుల్ : ఉట్నూర్ అడవి నేపథ్యంలో ఒక గుర్తింపు చరిత్ర

‘పుట్టగొడుగు’ అనే సమాసంలో ఉత్తరపదం రూపాన్ని, పూర్వపదం ఆవాసాన్ని తెలుపుతాయి. తెలంగాణ వాడుకలోని ‘పుట్టకొక్కు’లోనూ ఆవాసమే ముందు నిలిచింది. అడవిలో ఒక శిలీంధ్రాన్ని గుర్తించడానికి శాస్త్రజ్ఞులు మొదట పరిశీలించే అంశాలు కూడా ఈ రెండే. నేల లోపల గడ్డవలె పెరిగే ట్రఫుల్‌కు మాత్రం తెలుగులో ఇటువంటి వాడుక మాట లేదు. ఆ లేమికి కారణం భాషలో కాదు, చెట్లలో ఉంది.

ట్రఫుల్ తనంత తాను బతకదు. ఓక్, హేజెల్ వంటి కొన్ని వృక్షాల వేళ్లను తొడుగులా చుట్టుకొని, వాటితో ఇచ్చిపుచ్చుకుంటూ పెరుగుతుంది. బస్తర్‌లో తొలకరి ఉరుములతో పాటు సంతకు వచ్చే ‘బోడ’కు అటువంటి ఆశ్రయం సాల వృక్షం. బోడను ‘దేశీ ట్రఫుల్’ అనడం పరిపాటి అయినా అది వేరే వర్గానికి చెందినది. కోసి చూస్తే భేదం తెలుస్తుంది: అసలు ట్రఫుల్ లోపల చలువరాతి చారల వంటి గీతలుంటాయి, లేత బోడ లోపల తెల్లని గుజ్జు, ముదిరితే నల్లని పొడి. ఉట్నూర్ అడవి ప్రధానంగా టేకు అడవి. టేకు వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలు వేరు. అవి నేలలో ఇటువంటి గడ్డలను కట్టవు. అందువల్ల గోండులు, కొలాములు నివసించే ఈ ప్రాంతంలో బోడను వెతకడం కంటే పుట్టను చూడడమే సమంజసం.

శిలీంధ్రాలు ఉరుముకు పుడతాయన్న నమ్మకం ప్రాచీనమైనది. మేఘదూతంలో కాళిదాసు మేఘగర్జనకు నేల శిలీంధ్రాలను మొలిపించే శక్తిని ఆపాదించాడు. ట్రఫుల్ ఉరుము వల్ల పుడుతుందని ఎందుకు భావిస్తారన్న ప్రశ్నను గ్రీకు రచయిత ప్లూటార్కు ఒక విందు గోష్ఠిలో చర్చకు పెట్టాడు. పుట్ట లోపలికి తొంగిచూసిన వారిలో తొలివాడు లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. తమిళ దేశంలోని చెదపురుగులపై ఆయన రచన 1779లో వెలువడింది. (ఆయన 1785లో కన్నుమూసినది నేటి కాకినాడలోని జగన్నాథపురంలో.) బర్క్‌లీ 1847లో సింహళపు నమూనాకు నామకరణం చేశాడు. రోజర్ హైమ్ 1942లో పుట్టగొడుగులను ‘టెర్మిటోమైసిస్’ అనే ప్రత్యేక ప్రజాతిగా నిలిపాడు. ఆ పేరుకు అర్థం ‘చెదపురుగు శిలీంధ్రం’. తెలుగువాడి సమాసానికి లాటిన్ ముద్ర పడినది అప్పుడే అనవచ్చు.

చెదపురుగులు అరిగీ అరగని ఆకును, కట్టెను పుట్ట లోపల స్పంజు వంటి దిమ్మలుగా పేర్చి, వాటిపై ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. తడి తగిలాక అది మట్టిని చీల్చుకొని పైకి వస్తుంది. గొడుగు నడుమ మొనదేలిన బొడిపె అందుకే. కాడను పెకలించక నెమ్మదిగా తవ్వితే, అది వేరులా సన్నబడుతూ ఆ దిమ్మ దాకా సాగుతుంది. గుర్తింపులో అత్యంత విశ్వసనీయమైన లక్షణం ఇదే. కత్తితో నేల మట్టానికి కోసి తెచ్చిన గొడుగులో ఆ సాక్ష్యం ఉండదు.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. పుట్ట పక్క గడ్డిలో మొలిచే తెల్లని విషశిలీంధ్రం ఒకటి పైచూపుకు పుట్టగొడుగునే పోలి ఉంటుంది. కాడకు ఉంగరం, ముదిరిన రెక్కల అడుగున ఆకుపచ్చ ఛాయ దానిని పట్టిస్తాయి. పుట్టగొడుగు రెక్కలు తెలుపు నుంచి లేత గులాబీకి మారుతాయి. నీలగిరి తోటల్లో దొరికే ఉండలను ట్రఫుల్ అనుకోవడం మరొక పొరపాటు. వాటిలో స్క్లెరోడెర్మా అనేది లోపల ఊదా నలుపుకు తిరిగే విషజాతి. తెలుగు నిఘంటువులు పుట్టగొడుగుతో పాటు ‘కుక్కగొడుగు’ను కూడా నమోదు చేశాయి. పదకోశకారులు రెంటికీ దాదాపు ఒకే అర్థం ఇచ్చి సరిపెట్టారు. పళ్లెంలోకి వచ్చేసరికి ఆ రెండు మాటలూ పర్యాయపదాలు కావు.