కారు బ్రేకులు అప్‌గ్రేడ్ చేయించాలా? ముందు ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

అలాయ్ వీల్ సందులోంచి ఎర్ర రంగు కాలిపర్ కనిపిస్తే చాలు, "బండికి పెద్ద బ్రేకులు వేయించాడు" అనుకుంటారు. దగ్గరికెళ్లి చూస్తే కొన్నిసార్లు అది కంపెనీ కాలిపర్ మీద తగిలించిన ప్లాస్టిక్ కవర్ మాత్రమే. దానివల్ల బండి ఒక్క అడుగు కూడా ముందు ఆగదు. పైగా గాలి తగలక లోపల వేడి పెరిగే అవకాశం ఉంది.

హైవే మీద వేగంగా తిరిగేవారు, ట్రాక్ డేలకు వెళ్లాలనుకునే కుర్రాళ్లు బ్రేకుల మీద ఖర్చు పెట్టాలనుకోవడం మంచిదే. అయితే చాలామంది ఇళ్లలో ఉండేది ఒక్కటే కారు. ఆదివారం ట్రాక్ మీద తిరిగిన బండిలోనే సోమవారం పిల్లలు స్కూలుకు వెళ్లాలి, అమ్మీ ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే ఏ భాగం ఏం చేస్తుందో, ఏది ముందు మార్చాలో తెలుసుకుని జేబులో చెయ్యి పెట్టాలి.

బ్రేక్ చేసే పని ఏంటి?

కారు వేగాన్ని వేడిగా మార్చడమే బ్రేక్ పని. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లు అవుతుంది. మంచి టైర్లున్న కారు పొడి రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగంలో గట్టిగా బ్రేక్ వేస్తే దాదాపు 18 మీటర్లలో ఆగుతుంది అనుకుందాం. అదే కారుకు 120లో 70 మీటర్లకు పైగా కావాలి. డ్రైవర్ చూసి పెడల్ తొక్కేలోపు గడిచే ఒక్క సెకనులో బండి ఇంకో 33 మీటర్లు వెళ్లిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 వరకు అనుమతి ఉంది కాబట్టి ఈ లెక్క అందరికీ అవసరమే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కంపెనీ బ్రేకులు గట్టిగా తొక్కితే ఏబీఎస్ పని చేస్తోందంటే, చక్రాన్ని పట్టుకునే బలం ఆ బ్రేకులకు ఉన్నట్టే. ఇక అక్కడి నుంచి ఆపాల్సింది టైరు. పెద్ద డిస్కులు వేసినా మొదటిసారి ఆగే దూరం పెద్దగా తగ్గదు. పెద్ద బ్రేకుల లాభం వెంటవెంటనే పదిసార్లు, ఇరవైసార్లు గట్టిగా బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది. వేడిని అవి ఎక్కువసేపు తట్టుకుంటాయి. కాబట్టి అరిగిపోయిన టైర్లతో బ్రేక్ కిట్ కొనడం డబ్బు దండగ.

బ్రేక్ ఫేడ్ రెండు రకాలు

వేడి ఎక్కువై బ్రేక్ పట్టు తగ్గిపోవడాన్ని ఫేడ్ అంటారు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కినట్టు. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి, పైపుల్లో ఆవిరి బుడగలు చేరినట్టు. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే పెడల్ పూర్తిగా నేలకు ఆనిపోవచ్చు.

ఇది ట్రాక్ మీదే జరుగుతుందని అనుకోవద్దు. ఏడుగురు కూర్చుని, సామాన్లు నింపిన బండి శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు ఘాట్‌లోనో దిగుతూ, అదే పనిగా బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచితే ఇదే జరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి ఇంజిన్‌తో వేగాన్ని అదుపు చేయడం పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్.

మొదటి ఖర్చు: బ్రేక్ ఆయిల్

అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముఖ్యం ఇదే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. డాట్ 3లో ఇవి 205, 140. డాట్ 5.1లో 260, 180.

మామూలు వాడకంలో కంపెనీ చెప్పిన గడువుకు, చాలా కార్లలో రెండేళ్లకోసారి, ఆయిల్ మార్పించాలి. ట్రాక్‌కు వెళ్లేవారు ప్రతిసారీ ముందు కొత్తది పోయించుకోవడం మేలు. డాట్ 5 అని రాసిన సిలికాన్ ఆయిల్‌ను మాత్రం వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1, డాట్ 5 వేరు వేరు.

రెండోది: ప్యాడ్లు

ఫాస్ట్ రోడ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడూ పట్టుకుంటాయి, కంపెనీ ప్యాడ్ల కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. ఒకే కారు ఉన్న కుటుంబానికి ఇవి చాలు. పూర్తి రేస్ ప్యాడ్లు వేడెక్కితే గానీ సరిగా పట్టవు. ఉదయం గల్లీ చివర పిల్లవాడు అడ్డం వస్తే అవే ప్యాడ్లు మోసం చేస్తాయి. కీచుమని శబ్దం చేస్తాయి, డిస్కును త్వరగా అరగదీస్తాయి. ట్రాక్‌కు అవే కావాలంటే అక్కడ వేసుకుని, ఇంటికొచ్చే ముందు తీసేయాలి.

కొత్త ప్యాడ్లు వేశాక వాటిని సెట్ చేయాలి. ప్యాడ్ కంపెనీ ఇచ్చిన పద్ధతి పాటించాలి. సాధారణంగా ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి పూర్తిగా ఆగకుండా కొన్నిసార్లు బ్రేక్ వేసి, తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా కొంత దూరం నడిపి చల్లార్చాలి.

మూడోది: హోస్ పైపులు, డిస్కులు

పాత రబ్బరు హోస్‌లు ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతాయి. స్టీల్ అల్లిక ఉన్న హోస్‌లు వేస్తే పెడల్ గట్టిగా, నమ్మకంగా అనిపిస్తుంది. ఆగే దూరం మాత్రం దాదాపు అంతే.

డిస్కుల్లో రంధ్రాలున్నవి చూడటానికి బాగుంటాయి. ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. నాణ్యమైన మామూలు వెంటిలేటెడ్ డిస్కులు గానీ, గాడులున్నవి గానీ మేలు. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు పడుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే. వెనక డ్రమ్ములున్నాయని బెంగ పడాల్సిన పని లేదు.

పెద్ద డిస్కులు, ఎక్కువ పిస్టన్ల కాలిపర్ల కిట్ చివరి మెట్టు. వీటికి వీల్‌లో చోటు సరిపోవాలి, ముందు వెనక బ్రేకుల సమతూకం దెబ్బతినకూడదు. ఆ లెక్క తప్పితే వెనక బ్రేకులు తమ వంతు పని చేయవు. బండి ముందుకంటే ఎక్కువ దూరం వెళ్లి ఆగే ప్రమాదం ఉంది. పేరు లేని నకిలీ ప్యాడ్లు, కాలిపర్లు ఎంత చవకగా వచ్చినా వద్దు.

ట్రాక్ మీద, ఆ తర్వాత

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కి.మీ. సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే తెలుగువారికి దగ్గరలో ఉన్న ట్రాకులు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఈ రేసు హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లను మూసి నడిపిన తాత్కాలిక ట్రాక్ మీద జరిగింది. మామూలు రోజుల్లో ఆ రోడ్ల మీద పోటీ పడటం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం.

ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు తిరిగాక చివరి ల్యాపు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరగాలి. బండి ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, గేరులో పెట్టి చక్రాలకు అడ్డం పెట్టాలి. ఇంటికి బయల్దేరే ముందు ప్యాడ్ల మందం, డిస్కు మీద పగుళ్లు, ఆయిల్ మట్టం చూసుకోవాలి. పెడల్ మెత్తగా ఉంటే ఆ బండిలో ఇంటికి రావొద్దు.

ఇన్సూరెన్స్ కాగితం చదివారా?

మన దేశంలో ప్రైవేటు కారు పాలసీలో వాడకం మీద హద్దులు రాసి ఉంటాయి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వాటి పరిధిలోకి రావు. అంటే ట్రాక్ మీద బండి దెబ్బతింటే క్లెయిమ్ రాదనే లెక్క వేసుకోవాలి. పెద్ద బ్రేక్ కిట్ లాంటి మార్పులు చేసే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని సెక్షన్ 52 ఒప్పుకోదు.

డబ్బు ఖర్చు చేయాల్సిన వరుస ఇదీ: ముందు మంచి టైర్లు, తర్వాత కొత్త బ్రేక్ ఆయిల్, ఆపై ఫాస్ట్ రోడ్ ప్యాడ్లు. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా ట్రాక్ మీద ఫేడ్ వస్తేనే పెద్ద కిట్ సంగతి ఆలోచించాలి. పని మాత్రం బ్రేకులు తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి. షెడ్డు నుంచి బండి బయటికి తెచ్చాక, ఇంటివాళ్లను ఎక్కించుకునే ముందు ఖాళీ చోట నాలుగుసార్లు బ్రేక్ తొక్కి చూసుకోవాలి.