ట్యాంకు మూతకో బెజ్జం

నూనె డబ్బాకి ఒక్క చిల్లే పొడిస్తే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుందనీ, ఎదురుగా ఇంకోటి పొడిస్తే గానీ ధార సాఫీగా రాదనీ మనకెవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండో చిల్లు నూనె రావడానికి కాదు, గాలి పోవడానికి. ఎంత నూనె బయటికొస్తే లోపల అంత చోటు ఖాళీ అవుతుంది. అందులోకి గాలి చేరకపోతే బయటి గాలి నూనెను లోపలికే నొక్కిపెడుతుంది. గాలి ఇలా నొక్కుతుందని 1643లో ఇటలీలో టోరిచెల్లి పాదరసం గొట్టంతో చూపించాడు. మనం మేకూ సుత్తీ పట్టుకుని డబ్బా తెచ్చినప్పుడల్లా చూపిస్తూనే ఉన్నాం. పేరు మాత్రం ఆయనకొచ్చింది!

పాతకాలపు కార్లకి పెట్రోలు ట్యాంకు మూత మీద కనీ కనపడని బెజ్జం ఒకటి ఉండేది. దాని సంగతీ ఇదే. ఇంత బెజ్జానికి చరిత్రేమిటని నవ్వకండి. దాన్ని మూయించడానికి ప్రభుత్వాలే దిగి రావలసి వచ్చింది.

ఇంజనుకి ఇంధనం సరిగ్గా అందడమన్నది మొదటినుంచీ తలనొప్పే. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు గానీ కొనేవాళ్ళేరీ? ఆయన భార్య బెర్తా, పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. ఊరుకుంటుందా? 1888 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున, మొగుడు నిద్ర లేవకముందే, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు! ఇంధనం తరిగిపోతే దారిలో మందుల షాపులో మరకలు తీసే ద్రావకం కొని పోసింది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి బాగు చేసుకుందట. స్టవ్వు పిన్నుతో మన అమ్మలు చేసిన పని అదేగా. పుట్టింటికి వెళ్ళేదాన్ని గొట్టం ఆపుతుందా?

తరవాత 1908లో అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. దానికి చాలాకాలం ట్యాంకు ముందు సీటు కిందే. పెట్రోలు పోయాలంటే సీట్లో వాళ్ళు లేచి, మెత్త తీసి, మూత విప్పాలి. పండగ చీర కట్టుకుని కూర్చున్నామనుకోండి, ఎలా ఉంటుంది? ఆ పెట్రోలు తన బరువుకి తానే ఇంజనులోకి జారాలి. అంచేత నిటారు గుట్ట ఎదురైతే, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే, బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. ఇంకొన్ని కార్లలో మన పంపు స్టవ్వు పద్ధతే: ట్యాంకులోకి గాలి కొట్టి పెట్రోల్ని ముందుకి తోసేవారు. చివరికి ఇంజనే తిప్పే చిన్న పంపు ఒకటి వచ్చి, వెనకాల ట్యాంకు లోంచి పెట్రోలు పీల్చుకోవడం మొదలెట్టింది. పీల్చేదయినా జారేదయినా, మూత మీద ఆ బెజ్జం తప్పదు.

అది మూసుకుపోతే ఏమవుతుందో మా మరిది చూపించాడు. వాన నీళ్ళు పోతున్నాయని మోటారు సైకిలు ట్యాంకు మూత కింద ప్లాస్టిక్ కాగితం మడిచి బిగించాడు. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళేదారిలో నాలుగు సార్లు ఆగింది. కాసేపు నిలబెడితే, సందుల్లోంచి గాలి కొంచెం కొంచెంగా దూరి, మళ్ళీ బయల్దేరేది. రోడ్డు పక్క మెకానిక్కు కుర్రాడు మూత తిప్పగానే బుస్సున గాలి లోపలికి పోయింది. కాగితం తీసి మరిది చేతిలో పెట్టి, డబ్బులు కూడా అడగలేదు.

ఇంతవరకూ గాలి లోపలికి పోయే కథ. ఆ బెజ్జంలోంచి బయటికి వచ్చేదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎండలో నిలబెట్టిన కారులో పెట్రోలు వేడెక్కి, ఆవిరై, ఆ దారినే గాలిలో కలిసేది. 1943 జులైలో లాస్ ఏంజిలిస్ ఊరి మీద పొగ కమ్మి జనానికి కళ్ళు మండి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కదా, శత్రువులు విషవాయువు వదిలారేమోనని కొందరు బెదిరిపోయారు.

గుట్టు విప్పిన హాగన్-స్మిట్ అనే ప్రొఫెసరు అంతకుముందు చేస్తున్న పరిశోధన దేని మీదో తెలుసా? అనాసపండు వాసన మీద! పండు సువాసనని పట్టి విడదీసే పద్ధతితోనే ఆయన ఊరి గాలినీ పట్టి చూశాడు. కాలీ కాలని పెట్రోలూ, ఆవిరైన పెట్రోలూ, ఇంజను పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండకి కలిసి ఓజోను తయారవుతోందని 1950ల మొదట్లో తేల్చాడు. రబ్బరుని సైతం పగలగొట్టే ఆ గాలి పసిపిల్లల ఊపిరితిత్తుల్ని ఊరుకుంటుందా? కారు వదిలే పెట్రోలు వాయువుల్లో దాదాపు అయిదో వంతు పొగగొట్టంతో పనిలేకుండా, ట్యాంకు నుంచీ కార్బురేటరు నుంచీ ఊరికే ఆవిరైపోయేదే. అంటే ఇంటిముందు కదలకుండా నిలబడ్డ కారు కూడా గాలిని పాడుచేస్తున్నట్టే!

కాలిఫోర్నియాలో 1970 మోడలు కార్ల నుంచీ, అమెరికా అంతటా 1971 మోడలు నుంచీ ఈ ఆవిరిని అరికట్టాలని నిబంధన పెట్టారు. సరే, బెజ్జం మూసేస్తే కారు ఊపిరాడక ఆగిపోతుందాయె. అందుకని ట్యాంకు నుంచి ఒక గొట్టం వేసి బొగ్గు నింపిన డబ్బాకి కలిపారు. కారు నిలబడ్డప్పుడు ఆవిర్ని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఆ డబ్బాలోంచి గాలిని లాగుతుంది. దాంతో దాచుకున్న ఆవిరి కూడా వెళ్ళి ఇంజనులో మండిపోతుంది. బయటికి పోయి ఊరిని ఏడిపించే సరుకు ఇంట్లోనే ఖర్చయిందన్నమాట. ఇవాళ మన వీధుల్లో తిరిగే కొత్త పెట్రోలు కార్లలోనూ ఈ బొగ్గు డబ్బా ఉంటుంది.

తాతగారి నాటి కారుని ముద్దుగా దాచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాత మూత పోయిందని కొత్త కారు మూత తెచ్చి బిగిస్తుంటారు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి గానీ, కొత్తదానికి బయటి గాలిని లోపలికి రానిచ్చే దారి ఉండకపోవచ్చు. పాత బండిలో బొగ్గు డబ్బా ఉండదు. అలా బిగిస్తే కొంతదూరం పోయి కారు ఆగుతుంది. ఒక్కోసారి పంపు పీల్పుకి ట్యాంకే లోపలికి సొట్టపోతుంది. కొట్లో మూత కొనేముందు తిరగేసి, గాలి దారి ఉన్నదే ఇమ్మని అడగండి.