బీరువా మనిషిది, వార్డ్‌రోబ్ ఇంటిది

బంజారా హిల్స్‌లో మా ఫ్లాట్ పడకగదికి వార్డ్‌రోబ్ చేయిద్దామని కార్పెంటర్‌ని పిలిస్తే, టేపు తియ్యకముందే అడిగాడు: "ఈ ఇనప బీరువా ఎటు పంపిస్తరు సార్?" అది మా అమ్మకి పెళ్లిలో పెట్టింది. గోడ పొడవు 10 అడుగులు. రెంటికీ చోటు చాలదంటాడు.

మన పాత ఇళ్లలో బట్టల కోసం ప్రత్యేకంగా కట్టిన చోటు తక్కువే. కట్టువిడుపు బట్టలు దండెం మీద, పట్టుబట్టలు భోషాణంలోనో ట్రంకుపెట్టెలోనో. గోడలు మందం గనక వాటిలోనే గూళ్లు వదిలేవారు. తలుపులు పెడితే అదే అలమర. ఆ మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చింది. కాంక్రీటు స్తంభాలు బరువు మోయడం మొదలయ్యాక లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలకి చిక్కిపోయాయి. గూడుకి చోటు లేదు. గోడలో ఉండాల్సింది గోడ ముందుకొచ్చి నిలబడింది. అదే ఈ వార్డ్‌రోబ్. హ్యాంగర్ అడ్డంగా పట్టాలి గనక లోతు 2 అడుగులు. ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులు గనక తలుపులు ఆ లోపే ఆగిపోయి, పైన లాఫ్ట్ మొదలవుతుంది.

ఈ ఊళ్లో ఇలాంటివాటికి తాత ఒకటుంది. మూసీ దాటి పురానీ హవేలీకి వెళ్తే చూడొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1866–1911) బట్టల కోసం భవనంలో ఒక భాగమంతా చెక్క బీరువాలే. రెండు అంతస్తులు, పైకెక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఆయన కొన్న జేకబ్ వజ్రం మాత్రం, ఆయన పోయాక, పాత జోడు ముందుభాగంలో కొడుకు ఉస్మాన్ అలీకి దొరికిందట. ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడంటారు. 1995లో నిజాం నగలతోపాటు దాన్నీ భారత ప్రభుత్వం కొనేసింది. వజ్రం ఊరు దాటింది. బీరువాలు కదల్లేదు, ఇంటికి బిగించినవి గనక. 2000లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఇప్పుడు టికెట్టు కొని చూస్తాం.

తేడా అక్కడే ఉంది. భోషాణమైనా ఇనప బీరువా అయినా ఆడపిల్లతో బండెక్కి వచ్చేది. ఇల్లు మారితే ఆమెతోపాటు మారేది. పొలం అత్తవారిది, ఇల్లు మొగుడిది; ఆ తాళంచెవి మాత్రం ఆమెది. మా అమ్మ ఐదు అద్దె ఇళ్లు మారింది, ఐదింట్లోనూ తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. వార్డ్‌రోబ్ అలా రాదు. ఫ్లాట్ అమ్మితే దానితోనే పోతుంది.

చివరికి వార్డ్‌రోబ్ ఆరున్నర అడుగులే చేయించాం. మిగతా మూడున్నర అడుగుల్లో బీరువా ఉంది. "ఫినిషింగ్ రాలే సార్" అని కార్పెంటర్ ఇప్పటికీ అంటాడు.