ఒక్క మాట, ఒక పదవి, 40 లక్షల కోళ్లు: బ్రిటన్ గుడ్డు గొడవ

షవర్మా, మోమో బ్యాచ్‌కి ఇది గుర్తుండే ఉంటుంది. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. "గుడ్డుకి ఇంత సీనా?" అనుకున్నారు చాలామంది. ఉంది. ఇదే గుడ్డు ఒకప్పుడు బ్రిటన్‌లో ఒక మంత్రి పదవి ఊడగొట్టింది. ఈ రోజు ఆ కథే.

ముందు మన విలన్ సాల్మొనెల్లా. 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త పందుల జబ్బు మీద పనిచేస్తూ ఈ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. పేరు మాత్రం ఆయన పై అధికారి, పశువైద్యుడు డేనియల్ సాల్మన్‌ది వచ్చింది. పని ఒకరిది, పేరు బాస్‌ది. ఐటీ వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో వేల రకాలున్నాయి. 1980ల్లో బ్రిటన్‌ని ఏడిపించిన రకం పేరు ఎంటెరిటిడిస్. అంతకుముందు భయమంతా పెంకు మీద అంటే రెట్ట గురించే. కడిగితే పోతుంది, పెంకు పగలకుండా ఉంటే చాలు అనుకునేవారు. ఇది అలా కాదు. కోడి అండాశయంలోకే చేరుతుంది. పెంకు తయారవక ముందే గుడ్డు లోపల ఉంటుంది. కోడి చూస్తే హుషారుగా తిరుగుతుంటుంది, గుడ్డు చూస్తే తళతళలాడుతుంది. తిన్న మనిషికి మాత్రం జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. పసిపిల్లలు, ముసలివాళ్లలో మాత్రం రక్తంలోకి పాకితే ప్రాణమే పోవచ్చు.

కేసులు వేలల్లోకి వెళ్లాయి. 1988 వేసవిలోనే ఆసుపత్రి వంటశాలలకి పచ్చి గుడ్లు వాడొద్దని చెప్పారు. జనానికి విషయం గట్టిగా తగిలింది మాత్రం డిసెంబర్ 3న. ఆరోగ్య శాఖ సహాయ మంత్రి ఎడ్వినా కర్రీ టీవీ కెమెరా ముందు, దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఎక్కువ భాగానికి సాల్మొనెల్లా సోకిందని అనేశారు.

అంతే. గుడ్ల అమ్మకాలు 60 శాతం పడిపోయాయి. రైతులు భగ్గుమన్నారు. సుమారు 40 లక్షల కోళ్లని చంపేశారు. డిసెంబర్ 16న ఆవిడ రాజీనామా చేశారు.

మరి ఆవిడ చెప్పింది అబద్ధమా? ఇక్కడే ఆగి ఆలోచించాలి. గుడ్లలో ఎక్కువ భాగం పాడయ్యాయన్న అర్థం వచ్చేలా మాట్లాడటం తప్పే. నిజానికి సోకిన గుడ్లు చాలా తక్కువ. కానీ కోళ్లలో సమస్య మాత్రం నిజం, పెద్దది. అది చిన్న విషయం కాదని ప్రభుత్వ నివేదిక ఒకటి చెప్పిందన్న సంగతి 2001లో గానీ బయటికి రాలేదు. మాటలో పొరపాటుంటే దాని మీదే దేశమంతా కొట్టుకుంది, రోగం పక్కన నిలబడి చూసింది.

చివరికి దారి చూపించింది రాజీనామా కాదు, టీకా. కోళ్లకి సాల్మొనెల్లా టీకా వేసి, ఆ గుడ్ల మీద సింహం ముద్ర కొట్టే పద్ధతి 1998లో మొదలైంది. కేసులు బాగా తగ్గాయి. 2017లో అక్కడి ఆహార భద్రతా సంస్థ, ఆ ముద్ర ఉన్న గుడ్లని గర్భిణులు కూడా సగం ఉడికినవి తినొచ్చని ప్రకటించింది. అంటే 29 ఏళ్లు. నేను కోడ్ రాసే రోజుల్లో నేర్చుకుంది కూడా ఇదే. "యూజర్లూ, జాగ్రత్త" అని మెసేజ్ పెట్టినంత మాత్రాన బగ్ పోదు, అది పుట్టిన చోటే సరిచేయాలి.

మన కిరాణా కొట్టు గుడ్డు మీద ఆ సింహం లేదు కదా. అందుకే పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. చికెన్‌లోనూ ఈ బ్యాక్టీరియా ఉండొచ్చు. ఉప్పు, పసుపు వేసి కడిగినా పూర్తిగా పోదు. కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింక్ చుట్టూ పడతాయి. లోపలిదాకా ఉడికితేనే అది చస్తుంది. పచ్చి చికెన్ కోసిన కత్తితో అలాగే ఉల్లిపాయలు కోయకండి.

ఇంట్లో హాఫ్ బాయిల్ ఫ్యాన్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు, పర్లేదు. మళ్లీ కలుద్దాం.